పక్కన ఖాళీగా పడి ఉన్న భూమి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తెలుసుకోవలసినవి, చేయవలసినవి

పర్లాకిమిడి, కాశీనగరం, గునుపురం, బరంపురం చుట్టుపక్కల పల్లెల్లో భూమి మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "పన్నెండేళ్లు అనుభవిస్తే భూమి మనదే" అంటారు. ఈ మాటలో చట్టం ఉన్నది కొంత, లేనిది చాలా. ఆ కొంతనే నమ్ముకుని పక్కవారి బీడులో గోడ కట్టి, ఇరవై ఏళ్ల తరువాత కోర్టులో ఓడిపోయి ఆ గోడను సొంత ఖర్చుతో కూల్చుకున్నవారిని నేను చూశాను. అదే మాటను లెక్కచేయకుండా సూరత్‌లోనో, హైదరాబాదులోనో, విశాఖలోనో ఉండిపోయి తాతల నాటి భూమిని చేజార్చుకున్నవారినీ చూశాను. దస్తావేజులు రాయడం, పాత పత్రాలు చదివిపెట్టడం నా వృత్తి. ఈ రెండు రకాల నష్టాలూ వేళకు నాలుగు కాగితాలు చూసుకుంటే తప్పేవేనన్న బాధతో ఇది రాస్తున్నాను. పక్కవారి ఖాళీ స్థలాన్ని వాడుకుంటున్నవారికీ, తమ స్థలాన్ని ఖాళీగా వదిలి దూరాన ఉన్నవారికీ ఇది సమానంగా పనికివస్తుంది.

ముందుగా ఆ భూమి ఎవరిదో తేల్చుకోవాలి

బీడు పడి ఉన్న భూమికి యజమాని లేడని అనుకోవడం మొదటి పొరపాటు. మన ప్రాంతంలో నేల దాదాపు అంతా రికార్డుకు ఎక్కినదే. అది ఎవరి పేరనో ఉంటుంది, లేకపోతే సర్కారు పేర ఉంటుంది, లేకపోతే దేవుడి పేర ఉంటుంది. ఎవరి పేర ఉన్నదన్న దాన్ని బట్టి వర్తించే చట్టమే మారిపోతుంది కనుక, మిగిలిన ఆలోచనలన్నీ దీని తరువాతనే.

ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని ఖాతా నంబరుతో గాని, ప్లాటు నంబరుతో గాని, రైతు పేరుతో గాని ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. పక్క స్థలం నంబరు తెలియకపోతే ముందు ఊరి పటాలు చూపే భూనక్ష వెబ్‌సైటులో మీ సొంత ప్లాటును గుర్తించి, దానికి ఆనుకుని ఉన్న ప్లాటు నంబరు చూసుకుని, ఆ నంబరుతో భూలేఖ్‌కు రావాలి. తెరపై కనబడే పట్టా నకలు తెలుసుకోవడానికి సరిపోతుంది కాని, కోర్టుకో రిజిస్ట్రారు ఆఫీసుకో వెళ్లవలసి వస్తే తహసీలు ఆఫీసు నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి.

ఆ పత్రమంతా ఒడియాలో ఉంటుంది. మనలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చినా చదవడం రాదు కనుక, ఎవరిచేతనైనా చదివించుకునేటప్పుడు ఏయే గడులు అడగాలో తెలిసి ఉండాలి. మొదటి పేజీలో ఖాతా నంబరు, రైతు పేరు, తండ్రి పేరు, కులం, నివాసం ఉంటాయి. కులం గడిని తప్పనిసరిగా చదివించుకోండి. అది ఎందుకో కింద చెబుతాను. హక్కు ఏ రకమైనదో చెప్పే చోట "స్థితిబాన్" అని ఉంటే అది మామూలు రైతు పట్టా భూమి. రెండో పేజీలో ప్లాటు నంబరు, కిసం, విస్తీర్ణం, చివరన మంతవ్య (రిమార్కులు) అనే గడి ఉంటాయి. కిసం అంటే నేల రకం: ఘరబారి అంటే ఇంటి స్థలం, శారద అంటే వరి పండే పల్లం, గోచర అంటే పశువులు మేసే బీడు. విస్తీర్ణం ఎకరాల్లో దశాంశాలుగా ఉంటుంది, 0.2800 అని ఉంటే మన లెక్కలో 28 సెంట్లు. అక్కడి డెసిమల్, మన సెంటు ఒక్కటే, అంటే 435.6 చదరపు అడుగులు. మంతవ్య గడిలో ఎవరిదైనా జబర్ దఖల్ (బలవంతపు స్వాధీనం) ఉన్నట్టు రాసి ఉంటే, ఆ స్థలంపై ఎప్పుడో ఎవరో కూర్చున్నట్టు సెటిల్‌మెంటు (భూమి కొలిచి రికార్డు తయారుచేసే) సిబ్బంది గుర్తించారన్నమాట. ఆ రాత వల్ల హక్కు రాదు, పోదు; కాని తరువాత జరిగే ప్రతి వాదంలోనూ అది బయటికి వస్తుంది.

ఖాతా సర్కారు పేరున ఉంటే అది నాలుగు రకాల్లో ఒకటై ఉంటుంది: సాగుకు పనికివచ్చే అనాబాది (సాగులో లేని భూమి), సాగుకు పనికిరాని అనాబాది, రఖిత (ప్రత్యేకించి ఉంచినది), సర్వసాధారణ (అందరి వాడుకది). ఈ నాలుగింటిలో ఏది కనబడినా పన్నెండేళ్ల మాట అక్కడితో మరిచిపోవాలి. దేవుడి పేర ఉన్న భూమి అయితే దాని అమ్మకానికి దేవాదాయ కమిషనరు అనుమతి కావాలి కనుక, పూజారితోనో ధర్మకర్తతోనో చేసుకున్న నోటిమాట ఎందుకూ పనికిరాదు.

ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి చూసుకునేవారికి ఒక మాట. అక్కడి అడంగల్‌లో పట్టాదారు పక్కన అనుభవదారు పేరు కూడా ఉండడం మీకు అలవాటు. ఇక్కడి పట్టాలో అలా ఏటేటా సాగు చేసేవారి పేరు ఎక్కదు. కాబట్టి "రికార్డులో నా అనుభవం ఎక్కించండి" అని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆఫీసు చుట్టూ తిరగడం వృథా శ్రమ.

పన్నెండేళ్ల మాటలో నిజమెంత

1963 నాటి కాలపరిమితి చట్టంలో 65వ అధికరణం ప్రకారం, ప్రైవేటు వ్యక్తి తన భూమిని మరొకరి నుంచి తిరిగి రాబట్టుకోవడానికి, ఆ మరొకరి స్వాధీనం తనకు విరుద్ధంగా మారిన నాటి నుంచి 12 ఏళ్ల లోపల దావా వేయాలి. వేయకపోతే అదే చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం యజమాని హక్కే ఆరిపోతుంది. ప్రభుత్వ భూమి విషయంలో 112వ అధికరణం కింద గడువు 30 ఏళ్లు. ఊళ్లో అందరూ చెప్పే పన్నెండేళ్లు ఇక్కడి నుంచి వచ్చినవే. అయితే ఈ వాక్యంలో బరువంతా "విరుద్ధంగా మారిన నాటి నుంచి" అన్న మాటల మీద ఉంది, ఊళ్లో చెప్పుకునేటప్పుడు జారిపోయేవీ ఆ మాటలే.

యజమాని పాతికేళ్లు ఊరి ముఖం చూడకపోయినంత మాత్రాన అతని హక్కు పోదు. ఖాళీ భూమి ఎవరి స్వాధీనంలో ఉన్నదంటే, హక్కు ఎవరికి ఉన్నదో వారి స్వాధీనంలోనే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. మరొకరు వచ్చి, బాహాటంగా, ఎడతెగకుండా, యజమాని హక్కును కాదని, తానే యజమానినన్నట్టు ఆ భూమిని పట్టుకుని ఉంటేనే కాలం లెక్కకు వస్తుంది. పశువులను మేపడం, పిడకలు చరచడం, ధాన్యం ఆరబోసుకోవడం, ఏడాదికోసారి చింతపండు దులుపుకోవడం, జీడిగింజలు ఏరుకోవడం వంటివి ఎన్నేళ్లు చేసినా మామూలుగా ఈ లెక్కలోకి రావు. కంచె వేసి ఇతరులను రానివ్వకుండా సాగు చేయడం, ఇల్లు కట్టడం, బావి తవ్వడం వంటివి వస్తాయి.

కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ వాదన చేసేవారు ఏమేమి రుజువు చేయాలో విడమరిచి చెప్పింది: ఏ తేదీన స్వాధీనంలోకి వచ్చారు, ఆ స్వాధీనం ఎటువంటిది, అది యజమానికి తెలిసిందా, ఎంతకాలం సాగింది, అందరికీ తెలిసేలా సాగిందా. వీటిలో మొదటి ప్రశ్న దగ్గరే సగం కేసులు కూలిపోతాయి. "మా నాన్నగారి కాలం నుంచి" అన్నది తేదీ కాదు. భూమి తనదేనని ఒక నోటితో అంటూ, మరో నోటితో అవతలివారి భూమిని పన్నెండేళ్లు విరుద్ధంగా అనుభవించానని అనడమూ చెల్లదు, ఎందుకంటే ఈ వాదనకు అసలు యజమాని ఎవరో ఒప్పుకోవడమే పునాది. గట్టు దగ్గర రెండు మూరలు అటూ ఇటూ అయిన తగాదాల్లో ఈ వాదన నిలబెట్టడం ఇంకా కష్టం, హద్దు అదేనని ఇద్దరూ పొరబడి ఉన్నప్పుడు విరోధభావం ఎక్కడ ఉన్నదని కోర్టు అడుగుతుంది.

కౌలుదారు, పాలికాపు, కాపలాదారు, "చూసుకో నాయనా" అని యజమాని అప్పగించిన బంధువు, వీరిలో ఎవరికీ ఎన్నేళ్లైనా ఈ హక్కు రాదు. అనుమతితో వచ్చినవారి స్వాధీనం అనుమతితోనే సాగుతున్నదని చట్టం చూస్తుంది. యజమానిని కాదంటున్నానని వారు బహిరంగంగా తేల్చి చెప్పిన రోజు ఏదైనా ఉంటే, కాలం అక్కడి నుంచి మాత్రమే మొదలవుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిలో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనమే కనుక, ఊళ్లో ఉన్న తమ్ముడు విశాఖలో ఉన్న అన్న వాటాను కేవలం సాగు చేయడం వల్ల సంపాదించలేడు.

ఈ నియమం న్యాయమైనదేనా అని అడిగేవారు ఉన్నారు. 2008లో హేమాజీ వాఘాజీ కేసులో సుప్రీంకోర్టే దీన్ని కఠినమైన చట్టమని విమర్శించి, మార్చే విషయం ఆలోచించమని కేంద్రాన్ని కోరింది. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో మాత్రం, ఈ హక్కు సంపాదించినవారు తమ మీద దావా పడినప్పుడు అడ్డుకోవడానికే కాక, తామే వాదిగా కోర్టుకు వెళ్లవచ్చునని చెప్పింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్పు అక్కర లేదన్నది. అందుచేత నియమం నిలిచి ఉన్నది. దూరాన ఉన్న యజమానులు దీన్ని చెడ్డ చట్టమని తిట్టుకుంటూ కూర్చునే కంటే, ఉన్నదని తెలిసి జాగ్రత్తపడడం మంచిది.

ఒక పోస్టుకార్డు

మా ఇంట్లో జరిగినదే చెబుతాను. కాశీనగరం వైపు మా తాతగారికి 28 సెంట్ల మెట్ట ఉండేది. మా నాన్నగారు ఉద్యోగరీత్యా బరంపురంలో ఉండిపోయారు. పక్క రైతు మొదట అక్కడ గడ్డివాము వేసుకున్నారు, కొన్నాళ్లకు దాని చుట్టూ వెదురు కంచె వచ్చింది, ఆ తరువాత కంచె ఉన్నచోట ఇటుక గోడ లేచింది. నాన్నగారు రెండు మూడు ఉత్తరాలు రాసి, ఉత్తరం రాశాను కదా అని ఊరుకున్నారు. ఉత్తరం వల్ల, నోటీసు వల్ల కాలం ఆగదు. దావా వేస్తేనో, యజమాని నిజంగా భూమిని తిరిగి స్వాధీనం చేసుకుంటేనో ఆగుతుంది. ఈ సంగతి మాకు తెలిసేసరికి గోడకు పద్నాలుగేళ్లు నిండాయి.

మమ్మల్ని కాపాడినది నాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికిన ఒక పసుపుపచ్చ పోస్టుకార్డు. ఒక అంచు చెదలు కొట్టింది, తపాలా ముద్రలో సంవత్సరం మాత్రం చదవగలిగేలా మిగిలింది. పక్క రైతు తండ్రిగారు చక్కని గుండ్రని తెలుగు అక్షరాలతో "తమ స్థలంలో గడ్డివాము వేసుకొనుచున్నాము, తమరు కబురు చేసిన వెంటనే తీసివేయగలము" అని రాశారు. ఆ రెండు వరుసలతో వారి స్వాధీనం మా అనుమతితో మొదలైనదని తేలిపోయింది. గోడ కట్టిన నాటి నుంచి విరోధం మొదలైందని వారు వాదించారు కాని, మమ్మల్ని కాదంటున్నామని ఎన్నడూ చెప్పినట్టు చూపలేకపోయారు. భూమి తిరిగి వచ్చింది. ఆ పెద్దాయన మంచితనంతో రాసిన ఉత్తరమే ఆయన కొడుకుల కేసును ఓడించిందని నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటూనే ఉంటుంది. అప్పుడే రెండు ఇళ్లవారూ కూర్చుని ఒక చిన్న ఒప్పందం రాసుకుని ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

గిరిజనుల భూమి విషయంలో

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవమని కోరుతున్నాను. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు, అంటే గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించినవి. గునుపురం కూడా అందులోనిదే. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ గిరిజనుల భూమి బదిలీని అదుపు చేసే 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ నడుస్తుంది. 2002 సెప్టెంబరు 4 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో, షెడ్యూల్డు తెగలవారి భూమి గిరిజనేతరులకు ఏ రూపంలోనూ బదిలీ కాకూడదు. గిరిజనుల భూమిలో అనధికారంగా ఉన్నవారిని తొలగించి ఆ భూమిని తిరిగి వారికి అప్పగించే ప్రక్రియ కూడా ఆ రెగ్యులేషన్‌లోనే ఉన్నది. పట్టాలో కులం గడి చదివించుకోమన్నది ఇందుకే.

అదే రెగ్యులేషన్‌లోని 7-డి సెక్షన్, గిరిజనుల స్థిరాస్తి విషయంలో పన్నెండేళ్ల గడువును ముప్పై ఏళ్లుగా మార్చింది. ఆ ముప్పై సంఖ్యను చూసి ఆశపడేవారు ఇంకా ఉన్నారు కనుక స్పష్టంగా చెబుతున్నాను: 2003లో అమరేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో, ఇదే ఒడిశా రెగ్యులేషన్ మీద తీర్పు చెబుతూ, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమిపై గిరిజనేతరులు దీర్ఘకాల అనుభవం ద్వారా హక్కు సంపాదించలేరని సుప్రీంకోర్టు తేల్చింది. ఎన్నేళ్లు ఉన్నా అది అనధికార స్వాధీనమే.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. సవరలు, కోదులు కొండవాలున పోడు కొట్టి కొన్నేళ్లు పండించి, నేల కోలుకోవడానికి కొన్నేళ్లు వదిలేస్తారు. పల్లపు రైతు కంటికి అది దిక్కులేని బీడులా కనబడుతుంది కాని, ఆ వదిలివేయడం వారి సాగులో ఒక భాగం. అటువంటి భూమి అడవిలో ఉంటే, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి దాన్ని సాగు చేస్తున్న గిరిజనులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ద్వారా 4 హెక్టార్లకు మించకుండా హక్కు పొందే దారి ఉన్నది. గిరిజనేతరులైన ఇతర అటవీవాసులైతే ఆ తేదీకి ముందు 75 ఏళ్ల నివాసం చూపాలి. కొండ కింద కొట్టు పెట్టుకున్న మనవారు కొందరు అప్పు తీర్చలేని గిరిజనుని పోడును "వాడుకుంటున్నాం" అని చెప్పుకోవడం నేను విన్నాను. అది వాడుక కాదు, ఆ కుటుంబం కూడు లాక్కోవడం. నా చేత అటువంటి కాగితం రాయించుకోవాలని వచ్చినవారిని వెనక్కి పంపించాను.

షెడ్యూల్డు ప్రాంతం కాని పర్లాకిమిడి, కాశీనగరం వంటి చోట్ల కూడా షెడ్యూల్డు కులాలు, తెగలవారి భూమి ఇతరులు కొనాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి అనుమతి ముందుగా ఉండాలి. అనుమతి లేని అమ్మకం చెల్లదు.

సర్కారు భూమి

ఊరి గోచరను, చెరువు గట్టును, బాట పక్కన ఉన్న పతిత భూమిని ఆక్రమించుకున్నవారి మీద తహసీల్దారు 1972 నాటి భూ ఆక్రమణ నిరోధక చట్టం కింద కేసు పెట్టి, జరిమానా వేసి, తొలగించవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా వివాదం లేకుండా, ఎడతెగకుండా ఉన్నట్టు రుజువు చేసినవారి విషయాన్ని సబ్ కలెక్టరుకు నివేదించే ఏర్పాటు ఆ చట్టంలో ఉన్నది కాని, అది అడిగితే దొరికే వరం కాదు. ఆక్రమణ కేసులో కట్టిన జరిమానా రశీదును పట్టాలా ప్లాస్టిక్ కవరులో దాచుకున్నవారిని చాలామందిని చూశాను. ఆ రశీదు మీరు అక్కడ ఉన్నారని చెబుతుంది, హక్కు లేకుండా ఉన్నారని కూడా అదే చెబుతుంది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించిన తరువాత ఈ భూములపై ఆశ పెట్టుకోవడం మరింత తెలివితక్కువ. ఇల్లు లేని పేద కుటుంబమైతే ఆక్రమించడం మాని, వసుంధర పథకం కింద ఇంటి స్థలానికి తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

భూమి వదిలి దూరాన ఉన్నవారు చేయవలసినవి

పట్టా ఇంకా తాతగారి పేరనే ఉంటే మొదట వారసుల పేరుకు మార్పించుకోండి. మ్యుటేషన్ వల్ల హక్కు పుట్టదు, అది శిస్తు వసూలు కోసం చేసే నమోదేనని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. కాని చనిపోయినవారి పేర ఉన్న భూమి మీదనే ఆశపడేవారి కన్ను ముందుగా పడుతుంది. ఏటా ఖజణా (భూమి శిస్తు) కట్టి రశీదు భద్రపరచండి. సంక్రాంతికో, ఊరి పండుగకో వచ్చినప్పుడు భూమి దగ్గరకు వెళ్లి నాలుగు మూలలూ ఫోటోలు తీయండి. తేదీ కనబడాలి, వెనుక ఏ గుడో, చెట్టో, గుర్తుపట్టగల కొండో ఉండాలి.

హద్దులు తెలియకపోతే తహసీలు ఆఫీసులో హద్దుల కొలతకు దరఖాస్తు పెట్టి రుసుము కట్టాలి. అమీను (కొలిచే ఉద్యోగి) వచ్చే రోజున చుట్టుపక్కల రైతులకు కబురు వెళ్లేలా చూసుకుని, మీరు కూడా దగ్గర ఉండండి. వారి ఎదుట పాతిన రాళ్లకు ఉండే బరువు, వారు లేనప్పుడు పాతిన రాళ్లకు ఉండదు. కొలత కాగితం మీద అందరి సంతకాలూ తీసుకోవాలి. సంతకం పెట్టనన్నవారి పేరు కూడా అందులో రాయించాలి. ఆ రాళ్ల పక్కన ఒక వేపో, తాడో నాటడం మన పెద్దల అలవాటు. రాయిని ఒక రాత్రిలో పీకవచ్చు, చెట్టును పీకితే ఊరంతటికీ తెలుస్తుంది.

మీ స్థలాన్ని పక్కవారు వాడుకుంటున్నట్టు తెలిస్తే పోట్లాటకు దిగనక్కర లేదు, మౌనంగానూ ఉండకూడదు. స్టాంపు కాగితం మీద వారి సంతకంతో అనుమతి పత్రం రాయించుకోండి. ఖాతా, ప్లాటు నంబర్లు, సెంట్లు, యజమాని ఎవరో వాడుకుంటున్నవారు ఒప్పుకున్నట్టు, ఏ పనికి వాడుకుంటున్నారో, అడిగిన ఎన్ని రోజుల్లో ఖాళీ చేస్తారో, పక్కా కట్టడం కట్టబోమని, తేదీ, ఇద్దరు సాక్షులు. ఇంతే. దాన్ని రెండేళ్లకోసారి తిరగరాయించుకోవడం మేలు. వారు సంతకానికి నిరాకరిస్తే, వారి ఉద్దేశం ఏమిటో మీకు అప్పుడే తెలిసిపోయినట్టు. ఇక వకీలు దగ్గరికి వెళ్లడంలో ఆలస్యం చేయకండి.

బలవంతంగా మిమ్మల్ని స్వాధీనం నుంచి తొలగిస్తే, తొలగించిన నాటి నుంచి 6 నెలల లోపల నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. ఇందులో హక్కు ఎవరిదన్న విచారణ లేకుండా స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు, కాని ప్రభుత్వంపై ఈ దావా కుదరదు. ఆరు నెలలు దాటితే హక్కు ఆధారంగా వేసే మామూలు దావానే దారి. భూమి ఎక్కడ ఉన్నదో అక్కడి కోర్టులోనే దావా వేయాలి కనుక, పాతపట్నంలో ఇల్లు ఉన్నవారైనా పర్లాకిమిడి భూమికి పర్లాకిమిడి కోర్టుకే రావాలి. రెండు ఊళ్ల మధ్య దూరం ఎంత తక్కువైనా రాష్ట్రాలు వేరు.

పక్క స్థలం నిజంగా అవసరమైనవారు

ఇంటికి దారి కోసమో, కళ్లం కోసమో పక్క స్థలం కావలసి వచ్చేవారు ఉంటారు, ఆ అవసరం తప్పు కాదు. యజమాని చిరునామా దొరకకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ప్లాటుకు ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ తీసుకుంటే, చివరగా ఎవరి చేతికి మారిందో తెలుస్తుంది. చాలాసార్లు దూరాన ఉన్న యజమాని అమ్మడానికి సిద్ధంగానే ఉంటాడు, అడిగేవారు లేక అలా పడి ఉంటుంది. అమ్మకం ఇష్టం లేకపోతే మార్పిడి అడగండి, అదీ కుదరకపోతే పైన చెప్పిన అనుమతి పత్రాన్ని మీరే ముందుగా రాసి పంపండి. వ్యవసాయ భూమిని కౌలుకు తీసుకోవడంపై ఒడిశా భూసంస్కరణల చట్టం ఆంక్షలు ఉన్నాయి కనుక, ఆ దారి ఎంచుకునే ముందు వకీలును అడగాలి.

పన్నెండేళ్లు దాటి, కంచె వేసి, బాహాటంగా అనుభవిస్తూ, యజమానికీ తెలిసి, ఆయన ఊరుకుని ఉన్న సందర్భాలు కొన్ని నిజంగానే ఉంటాయి. అటువంటివారు దాచుకోవలసినవి స్వాధీనం మొదలైన తేదీ చూపే కాగితాలు: ఆ స్థలంలో ఇంటికి వచ్చిన కరెంటు బిల్లులు, పంచాయతీ పన్ను రశీదులు, బావి తవ్వించిన లెక్కలు, ఆనాటి ఫోటోలు. ముందున్నవారి దగ్గర నుంచి స్వాధీనం మీకు సంక్రమించి ఉంటే, మధ్యలో తెగకుండా ఉన్న వారి కాలం కూడా మీ లెక్కలో కలుస్తుంది.

తగాదా మొదలైతే

మనుషులను పోగుచేసి కంచె పీకించవద్దు. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవారిని, వారికి హక్కు లేకపోయినా, చట్టప్రకారమే తొలగించాలి తప్ప బలంతో తొలగించకూడదని 2003లో రామే గౌడ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంచె పీకినవారే ఆ తరువాత కోర్టులో నిందితులవుతారు. గొడవ ముదిరితే భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఎవరి స్వాధీనంలో ఉన్నదో తేల్చి, సివిల్ కోర్టు చెప్పేవరకు శాంతి కాపాడతారు. అక్కడ గెలవడం భూమి గెలవడం కాదు. హక్కు నిర్ణయించేది సివిల్ కోర్టే. సెటిల్‌మెంటులో పట్టా తప్పుగా ప్రచురితమైతే, తుది ప్రచురణ నుంచి 3 ఏళ్ల లోపల సివిల్ దావా వేసే వీలు 1958 నాటి సర్వే, సెటిల్‌మెంటు చట్టంలో ఉన్నది. ఆ మూడేళ్లు కళ్ల ముందే కరిగిపోతాయి.

మన ప్రాంతపు కేసుల్లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, చాలా ఇళ్లలో మూల దస్తావేజులు తెలుగులోనే ఉన్నాయి. వాటిని కోర్టు భాషలోకి అనువదింపజేసి, మూలంతో కలిపి దాఖలు చేయాలి. పాత స్టాంపు కాగితాలకు లామినేషన్ చేయించవద్దు, మడతల దగ్గర టేపు అంటించవద్దు. గుడ్డలో చుట్టి పొడిగా ఉంచండి. ఆ దస్తావేజుల్లో ప్లాటు నంబర్లు ఉండవు, "తూర్పున బైరాగి మామిడి, దక్షిణాన పెద్ద కాలువ, పడమర చాకలి బండ" అన్నట్టు హద్దులు మాత్రమే ఉంటాయి. ఆ మామిడి ఎక్కడ ఉండేదో, ఏ రాయిని చాకలి బండ అనేవారో తెలిసిన పెద్దవారు ఊళ్లో ఉండగానే వారిని వెంటబెట్టుకుని హద్దుల వెంట ఒకసారి నడిచి, ఒక్కొక్క గుర్తు ఇప్పటి ఏ ప్లాటులోకి వస్తుందో భూనక్ష మీద రాసుకుని, ఆ కాగితం కింద వారి చేత సంతకం చేయించి, తేదీ వేయించి ఉంచండి.